శాసనములు చదువ నేర్పిన గురువు: మల్లంపల్లి సోమశేఖరశర్మగారు

మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1963వ సంవత్సరమున దివంగతులైరి. ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్రశాఖయం దధ్యాపకులై పట్టభద్రులకు ఆంధ్రదేశ చరిత్రమును బోధించినవారు. ఆయనకు మాత్రము ఏ విశ్వవిద్యాలయపు పట్టమును లేదు. ఈ రెండు సంగతులను ఒకచోఁ జేర్చి చూచినఁగాని శర్మగారి జీవితములోని విశేషము బోధపడదు. పట్టము లేనివానిని బిలిచి పీఠ మిచ్చుట పరిషత్తువారి యౌదార్యమని కొందఱు మెచ్చుకొందురు. మెచ్చుకొనఁదగినదే. కాని నా కందుఁ గానవచ్చు ముఖ్యవిషయము వేఱు. కావ్యమును జదువఁగల పండితుఁడు, ఆ చదువునే సాధనముగాఁ గొని, ఱాతిమీఁది వ్రాఁతను రాగిమీఁది వ్రాఁతను జదువ నేర్చినచోఁ జరిత్రకారుఁడు కాఁగలఁడని ఆయన జీవితము చూపినది. పండితుని విద్య యొకటి, చరిత్రకారుని విద్య యొకటి యను భేదబుద్ధి మనలో నేఁటికిని బోలేదు. శర్మగారిని స్మరించుటకు నాకుఁ గల ప్రధానకారణ మిదియే.

నేనీ వ్యాసమును కోడుమూరునుండి వ్రాయుచున్నాను. గోదావరీమండలమునఁ బుట్టి, చెన్నపట్టణమునను వాల్తేరునను బనిచేసిన పండితుని హంద్రి తీరమువాఁ డేల తలఁచుకొనవలయునని యెవరైన నడుగవచ్చును. ఆయన తరగతిలోఁ గూర్చుండు భాగ్యము నాకుఁ గలుగలేదు. ఆయన గ్రంథములే నాకుఁ బాఠశాల. ఆ గ్రంథములలో మా సీమకుఁ జెందినది చాలఁ గలదు. అది యేదో ముందు చెప్పెదను.

శర్మగారు 1891వ సంవత్సరమున పశ్చిమగోదావరి మండలమందలి మినుమించిలిపాడున జన్మించిరి. ఆంధ్రుల చరిత్రమును మొదట సంపుటములుగా వ్రాసి ప్రకటించిన చిలుకూరి వీరభద్రరావుగారి సాహచర్యము ఆయనను జరిత్రవైపునకు ద్రిప్పినది. పిదప కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చెన్నపట్టణమున ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకుఁ బూనుకొనఁగా శర్మగా రందుఁ బనిచేసిరి. ఆ సర్వస్వము అకారాది శబ్దములతోనే యాఁగిపోయినది. 1923లో లక్ష్మణరావుగారు కాలధర్మము నొందిరి. 1930 తరువాత కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు దానిని మరల నెత్తుకొన్నప్పుడును శర్మగారి సాయ మక్కఱకు వచ్చినది. దేశముయొక్క దురదృష్టమువలన అసంపూర్ణమై నిలిచిన యా గ్రంథము శర్మగారికి మాత్రము విశ్వవిద్యాలయమైనదని నా తలంపు. ఒక శబ్దమునకు వ్యాసము వ్రాయుటకై పది శాసనములను, నాలుగు పురాణములను, రెండు పారసీక చరిత్రల యనువాదములను దిరుగవేయవలసిన పనిలోఁ బడినవానికి వేఱు పరీక్ష యేల?

ఆయన యెట్టి చరిత్రకారుఁడో తెలిసికొనుట కొక్క ఘట్టమును జూచిన జాలును. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యములకు వశమైనది. కాకతి ప్రతాపరుద్రుఁడు బందీయై పోవుచు నర్మదాతీరమున మరణించెను. ఆ తరువాత మన చరిత్రలో రెడ్డిరాజులును, వెలమదొరలును, విజయనగరమును గానవచ్చెదరు. ఈ నడుమ నేమి జరిగినది? పూర్వపు చరిత్రలలో నిచ్చట నొక గుంట యుండెను. పాఠశాలాపుస్తకములు దానిమీఁదుగా దుమికి పోవుచుండెను.

శర్మగా రా గుంటలోనికి దిగిరి. ఆయనకు దొరకిన సాక్ష్యములలో నొకటి కలువచేరు తామ్రశాసనము. దీనిని బ్రకటించినది రాజమహేంద్రవర రెడ్డిరాజ్యమునకుఁ జెందిన అనితల్లి. కాలము శక సంవత్సరము 1345, అనఁగా 1423. ప్రతాపరుద్రుని యనంతరము ముసునూరి ప్రోలయనాయకుఁడు దేశము నుద్ధరించెననియు, అతని తరువాత కాపయనాయకుఁ డేలెననియు, అతనిని డెబ్బదియైదుగురు నాయకులు సేవించిరనియు నా శాసనము చెప్పుచున్నది. ఐన నీ శాసనము వ్రాయఁబడుట ఆ సంఘటనములు జరిగిన నూఱేండ్లకుఁ బిమ్మట. నూఱేండ్ల నాఁటి మాటను నూఱేండ్ల తరువాతివారు చెప్పిన నెంతవఱకు నమ్మవచ్చును? ఈ ప్రశ్న వేసికొననివాఁడు చరిత్రకారుఁడు కాఁడు, స్తోత్రపాఠకుఁడు.

రెండవ సాక్ష్యము విలస శాసనము. ఇది ప్రోలయనాయకుఁడు స్వయముగా నిచ్చినది. కాకతీయ రాజ్యము పడిపోయిన పిదప అగ్రహారము లెట్లు హరింపఁబడినవో, కర్షకు లెట్లు పంటను గోలుపోయిరో, గోదావరీ ప్రాంతమున రేకపల్లి నివాసముగా ప్రోలయనాయకుఁడు వానినెల్ల నెట్లు చక్కఁబెట్టెనో యిందు సంస్కృతమున వర్ణింపఁబడినది. ప్రతాపరుద్రుని మరణము నర్మదాతీరమున జరిగినదను మాటకును ఇదియే ముఖ్యాధారము. ఈ శాసనమును శర్మగారును నేలటూరి వేంకటరమణయ్యగారును గలసి పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా ముప్పదిరెండవ సంపుటమునఁ బ్రకటించిరి.

మూఁడవ సాక్ష్యము పరపక్షమునకుఁ జెందినది. ఢిల్లీ చరిత్రకారుఁడు బరనీ తన గ్రంథమున ఓరుగల్లులోఁ దిరుగఁబడిన యొక నాయకునిఁ గూర్చి చెప్పెను. తరువాతివాఁడైన ఫెరిస్తాయు నతనిని బేర్కొనెను. పారసీక లిపిలోఁ బడి పేరు రూపు మాఱిపోయినది. మాఱినను, ఆ కాలమున నా స్థలమున నట్టి కార్యము చేసినవాఁడు కాపయనాయకుఁడు గాక మఱియొకఁడు కాఁజాలఁడు. తనవారు నూఱేండ్ల తరువాతఁ జెప్పుకొన్న మాటయు, శత్రువులు తమ గ్రంథములలో విసువుతో వ్రాసికొన్న మాటయు నొక్కటియైనచో న్యాయస్థానమునఁ గూడ నా సాక్ష్యము నిలుచును. ఈ సామగ్రితో ఆయన ముసునూరి నాయకుల చరిత్రమును ఆంగ్లమున నొక చిన్నపుస్తకముగా వెలువరించిరి. మఱవఁబడిన యధ్యాయమని దానికిఁ బేరు పెట్టిరి. పేరు తగియున్నది.

డెబ్బదియైదుగురు నాయకుల విషయమును గుఱించి యొకమాట. కలువచేరు శాసనమున డెబ్బదియైదుగు రుండఁగా ప్రతాపరుద్ర చరిత్రము డెబ్బదియేడుగురని చెప్పుచున్నది. ఒక్కొక్క నాయకునికి ఓరుగల్లు కోటలో నొక్కొక్క బురుజు నప్పగించిన ప్రతాపరుద్రుని కథ యది. కాపయనాయకుని కథ కాదు. ఐనను రెండు లెక్కలు నింత దగ్గఱగా నుండుట యాకస్మికమని నాకుఁ దోఁచదు. జనశ్రుతిలో నిలిచిన సంఖ్య శాసనకవి చెవిని బడియుండును. ఇట్టి సంఖ్యలను బట్టి సేనానాయకుల పట్టికలు తయారుచేసి, ప్రతికులమువారును దమ తమ పూర్వులను వానిలోఁ జేర్చుకొనుట నేఁడు మన కండ్లయెదుట జరుగుచున్నది. దానికి శర్మగారు బాధ్యులు కారు.

ఐనను ఆయన రచనయం దాక్షేపింపఁదగిన దేమియు లేదని నేననను. ఆయన వ్రాసినది దేశస్వాతంత్ర్యము కొఱకుఁ బోరాటము జరిగిన కాలము. పదునాలుగవ శతాబ్దిలోని నాయకుల తిరుగుబాటు ఆయనకు జాతీయోద్యమముగాఁ గనఁబడినది. ఆ నాయకులలోఁ బలువురు పిదపఁ దమలోఁ దాము పోరాడుకొనిరి. కాపయనాయకుఁడే 1368 ప్రాంతమున రేచెర్ల వెలమలతోడి యుద్ధమునఁ గూలెను. ఇటీవలి పరిశోధకులు విలస, కలువచేరు శాసనములను మరలఁ జదివి, అవి జరిగినదానిని దెలుపుటతోఁ బాటు, దానిని దరువాతివా రెట్లు తలఁచుకొనఁగోరిరో కూడఁ దెలుపుచున్నవని చెప్పుచున్నారు. ఈ విమర్శ సరియైనదే. కాని యీ విమర్శ చేయుటకు వలయు పాఠములు మనకుఁ జేతికందినవనఁగా, వానిని అక్షరమక్షరము విడఁదీసి యచ్చువేయించినవారు శర్మగారును ఆయన తరమువారును. గురువు చేసిన పాఠముతోనే గురువును దిద్దుట శిష్యునికి దోషము కాదు.

ఇఁక మా సీమ మాట. శర్మగారి గ్రంథములలోఁ బెద్దది రెడ్డిరాజ్యముల చరిత్రము. 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువా రాంగ్లమునఁ బ్రకటించిరి. అద్దంకి, కొండవీడు, రాజమహేంద్రవరములు రాజధానులుగా నేలిన రెడ్ల కథ కర్నూలువారికి దూరమని తోఁచును. కాని యా వంశమునకు మూలపురుషుఁడైన ప్రోలయ వేమారెడ్డి ప్రసిద్ధికెక్కినది దేనివలన? శ్రీశైలమునకును అహోబలమునకును మెట్లు కట్టించుటవలన. ఆయన యాస్థానకవి యెఱ్ఱాప్రగడ నృసింహపురాణమును అహోబల నృసింహస్వామికే యంకితము చేసెను. ఈ రెండు క్షేత్రములును 2022 దాఁక కర్నూలు మండలములోనివే. ఆ యేఁడు మండలము చీలినపిమ్మట నంద్యాల మండలములోఁ జేరినవి.

యుగాదికి ముందు బళ్లారి, రాయచూరు సీమల కన్నడభక్తులు కోడుమూరి మీఁదుగాఁ గర్నూలు చేరి, ఆత్మకూరు, నాగలూటి యడవిదారిని శ్రీశైలమునకుఁ గాలినడకను బోవుచుందురు. భ్రమరాంబ తమ యింటి యాఁడుబిడ్డయనియు, మల్లయ్య తమ యల్లుఁడనియు వారి విశ్వాసము. వారికి మజ్జిగ పోయుట మా యూళ్లవారికి వాడుక. ఆ యడవిదారులలోఁ గాలికిఁ దగులు మెట్లు మల్లికార్జునుని మహిమచేత మొలచినవని యనుకొనువారే యెక్కువ. శ్రీశైల సోపానములు ప్రోలయ వేముని కీర్తిలో భాగమని రెడ్డిరాజుల శాసనములు చెప్పుచున్నవి. యాత్ర యెంత ముఖ్యమో యాత్రికులకు దారి వేయించుటయు రాజ్యమున కంత ముఖ్యమని శర్మగారి పుస్తకము చదివిన పిదప నాకు బోధపడినది. కాకతీయుల యనంతర మల్లకల్లోలమైన దేశమున నొక క్రొత్తదొర ప్రజల మన్నన నెట్లు పొందవలెను? కోట కట్టుటవలన భయము గలుగును. కొండకు మెట్లు కట్టుటవలన భక్తి గలుగును. ప్రోలయ వేముఁడు రెండును జేసెను.

శ్రీశైలమందే మఱియొక శాసనము గలదు. అనవేమారెడ్డి శక 1299, అనఁగా 1377లో, మల్లికార్జునాలయమున వీరశిరోమండపమును గట్టించెను. వీరశైవ భక్తులు తమ శిరస్సులను, నాలుకలను గోసి దేవున కర్పించు స్థల మది. రాజు దీనిని మాన్పింపలేదు; దానికి మండపమే కట్టించెను. నేఁటివాని కిది చదువునప్పుడు మనస్సు కలఁత నొందును. ఇట్టివానిని గప్పిపుచ్చు వారు కొందఱు, అతిశయోక్తియని త్రోసివేయు వారు కొందఱు. చరిత్రకారుఁడు చేయవలసినది రెండును గాదు. ఆ మండపమును, శైవసాహిత్యములోని వీరవ్రతములను, ఊరిబయట నిలిచియున్న వీరగల్లులను నొక్కచోఁ జేర్చి, ఆ కాలపువారు దేనిని బరమార్థముగాఁ దలఁచిరో మొదటఁ దెలిసికొనవలయును. మెచ్చుటయు దూషించుటయుఁ దరువాతి మాట.

రాజుల వరుసలును యుద్ధములును జెప్పి యూరకొనిన గ్రంథములు పూర్వమును గలవు. శర్మగా రంతటితోఁ దృప్తిపడలేదు. వర్తకము, వ్యవసాయము, విద్య, వినోదములు, నాణెములు, కొలతలు, ఊరి పరిపాలన, వీనికన్నిఁటికిని ఆయన చోటిచ్చిరి. ఇచ్చటనే కావ్యమెఱిఁగిన పండితుని విద్య యక్కఱకు వచ్చినది. మోటుపల్లి రేవునందు 1244లో గణపతిదేవుఁ డిచ్చిన యభయశాసనమును, 1358లో అనపోతారెడ్డి యిచ్చిన శాసనమును సుంకముల సంగతిని దెలుపును. ఆ రేవులలో దిగిన సరకు లెవరి యిండ్లకుఁ బోయినవి? శ్రీనాథుఁడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టికిఁ గృతియిచ్చెను. ఆ కావ్యపు టవతారికలో సింహళపు టేనుఁగులు, హురుమంజి గుఱ్ఱములు, చీనాంబరములు మొదలగు వస్తువులను దెప్పించు వర్తకుఁ డగపడును. హురుమంజి యనఁగాఁ బారసీక సముద్రమునందలి హార్ముజు రేవు. తరగతిలో నీ పద్యము చెప్పు పండితుఁడు ప్రతిపదార్థము చెప్పి, యలంకారము చెప్పి, సమాసము విడఁదీసి ముగించును. ఆ పద్యమే శర్మగారికి శాసనముప్రక్కన నిలుపవలసిన సాక్ష్యమైనది.

కవుల మాటల నాయన కొన్నిచోట్ల నవసరముకన్న నెక్కువగా నమ్మిరని నాకుఁ దోఁచుచున్నది. కృతిభర్తను వర్ణించు కవి యతని యింట నున్నవానిని లేనివానిని గూడఁ జెప్పును. సుంకపు పట్టిక యట్లు చెప్పదు. ఐనను, సుంకపు పట్టికయందు వర్తకుని డంబము కనఁబడదు; దానికై శ్రీనాథునియొద్దకే పోవలయును.

ఇంత పనియు నక్షరములు గుర్తించుటతో మొదలగును. తెలుఁగును గన్నడమును బహుకాల మొక్కలిపిలో వ్రాయఁబడినవి. తలకట్టు తెలుఁగునఁ బైకి గీటుగా మొలచుటయు, కన్నడమున నడ్డగీఁతగా సాగుటయు జరిగినపిదపఁగాని రెండును స్పష్టముగా వేఱుపడలేదు. మా కర్నూలు పడమటి భాగమున కల్యాణీ చాళుక్యులనాఁటివి, ఆ తరువాతివియు నైన శాసనములు పెక్కు కన్నడభాషలో నున్నవి. తెలుఁగు పండితుఁడు వానిని జూచి మన వికావని తొలఁగిపోవును. కన్నడ పండితునికి వాని యునికియే తెలియదు. ప్రాఁతలిపి నేర్చినవానికి రెండుభాషల శాసనములును వశములగును. కడప మండలమునందలి కలమళ్ల, ఎఱ్ఱగుడిపాడులలోని రేనాటి చోళుల శాసనములు, అనఁగాఁ దెలుఁగుభాషలో మనకు దొరకిన మొట్టమొదటి శాసనములు, మన సీమలోనివే యని గర్వించువా రనేకులు. ఆ లిపిలో నొక్కపంక్తి చదువఁగలవారు కొలఁది.

ఈ విద్య మన పాఠశాలలకు దుర్లభమైనది కాదు. ఉదాహరణమునకు శాసనకవులు సంవత్సరమును భూతసంఖ్యలతోఁ జెప్పుదురు. బాణ వేద రామ చంద్ర సంఖ్యయని యున్నచో 5, 4, 3, 1. అంకెలు కుడినుండి యెడమకు నడచును గాన శక 1345. దానికి డెబ్బదియెనిమిది కూర్చిన 1423. అది పైనఁ జెప్పిన కలువచేరు శాసనకాలము. ఏడవ తరగతి బాలుఁడు దీనిని జేయఁగలఁడు. తిథివారములు కూడ నున్నచో స్వామికన్ను పిళ్లగారి పంచాంగ గ్రంథమును దెఱచి, ఆ తిథినాఁ డా వారము వచ్చినదో లేదో చూడవచ్చును. రాకున్నచో వ్రాఁతగాని తప్పో, తరువాతివాఁడు పుట్టించిన దొంగశాసనమో యని శంకింపవలయును. ఛందస్సు లెక్కించుట వచ్చిన పండితునికి నీ లెక్క భారమా?

పనికి సమయ మెక్కువ లేదు. మెకంజీ దొరకొలువునందలి మనవారు దత్తమండలముల గ్రామగ్రామమునఁ దిరిగి వ్రాసికొన్న కైఫీయతులలోఁ బేర్కొన్న ఱాళ్లు కొన్ని నేఁడు కానరావు. దేవాలయమును జీర్ణోద్ధారము చేయువారు గోడలకు సున్నమో రంగో పూయుదురు, లేదా పలకఱాళ్లు తాపింతురు. అక్షరములు లోపలఁ బడును. చెఱువుకట్ట తెగినప్పు డక్షరపు బండయే తూమునకుఁ జక్కఁగా నమరును. ఎవరికిని దురుద్దేశము లేదు. చదువ వచ్చినవాఁ డా దినమున నచ్చట లేఁడు, అంతియే.

పత్తికొండకును గుత్తికిని నడుమ నున్న ఎఱ్ఱగుడి బండలమీఁద మౌర్యచక్రవర్తి యశోకుని ధర్మలిపులు గలవు. పెద్దశాసనములును జిన్నశాసనములును రెండు నొక్కచోట నున్న స్థలము లరుదు. అందుఁ జిన్నశాసనములోఁ గొన్నిపంక్తులు కుడినుండి యెడమకు వ్రాయఁబడియున్నవి. రెండువేల యేండ్లకుఁ బైబడి యా బండలు బయలనే పడియుండెను. 1928 ప్రాంతమున వానిని గుర్తించి లోకమునకుఁ దెలిపినవాఁడు ఖనిజములు వెదకుటకై వచ్చిన యొక భూగర్భశాస్త్రజ్ఞుఁడు. ఆ చుట్టుప్రక్కల గొఱ్ఱెలు మేపినవారును, పొలములు దున్నినవారును, పాఠశాలలలోఁ బద్యములు చెప్పినవారును అంతకుముందు లేకపోలేదు.